పానీపూరీ నీళ్లకు హెచ్‌టూఎస్ సీసా, క్లోరిన్ చుక్కలు, గుచ్చే థర్మామీటర్: ఏది కొనాలి, దేన్ని ఎంతవరకు నమ్మాలి

పానీపూరీ బండి, టిఫిన్ బండి, చెరకు రసం మిషను, చిన్న మెస్సు నడిపేవాళ్లు ల్యాబు గడప తొక్కకుండా సొంతంగా వాడుకోగల చవక సామాన్లు మూడున్నాయి. నీళ్లలో మలం తాలూకు బ్యాక్టీరియా చేరిందేమో చూపించే హెచ్‌టూఎస్ సీసా ఒకటి. నీళ్లలో క్లోరిన్ మిగిలిందో లేదో రంగుతో చెప్పే చుక్కల మందు రెండోది. వంటలోకి గుచ్చి వేడి చూసే డిజిటల్ థర్మామీటర్ మూడోది. మూడూ ఆన్‌లైన్లో దొరుకుతాయి, మూడూ పనికొచ్చేవే. కాకపోతే ఎక్కువమంది కళ్లు పడేది మొదటి సీసా మీదే. నీళ్లు నల్లబడితే చెడ్డవి, నల్లబడకపోతే మంచివి అన్నంత సులువుగా కనబడుతుంది కాబట్టి.

ఒక్కటే కొనగలిగితే క్లోరిన్ చుక్కలు కొనండి. అన్నం, కూరలు, సాంబారు అమ్మేవాళ్లయితే థర్మామీటర్ కూడా. సీసా ఆ తర్వాతే. సీసా మంచిది కాదని కాదు. అది జవాబు చెప్పేసరికి ఒక రోజు గడిచిపోతుంది, ఆ నీళ్లు అప్పటికే జనం కడుపులోకి వెళ్లిపోయి ఉంటాయి. అసలు కల్తీ ఎక్కడ కలుస్తోందో వెతికి పట్టుకోవడానికి మాత్రం దాన్ని మించిన చవక సాధనం లేదు. ఆ పనికి దాన్ని ఎలా వాడాలో చాలామందికి తెలియదు కాబట్టి ఎక్కువ సేపు దాని గురించే చెప్తాను.

ఈ పద్ధతి మన దేశంలోనే పుట్టింది. 1982లో మంజా, ఆయన తోటి శాస్త్రవేత్తలు దీన్ని ప్రకటించారు. ల్యాబు, ఇంక్యుబేటరు, కరెంటు ఏవీ లేని చోట నీళ్లు పరీక్షించాలన్నది ఉద్దేశం. ఇప్పుడు జల్ జీవన్ మిషన్ కింద ఊళ్లలో మహిళలకు నేర్పించే నీటి పరీక్షల్లోనూ ఈ రకం సీసాలు ఉన్నాయి. చిన్న సీసా, అడుగున మందు పట్టించి ఆరబెట్టిన కాగితపు ముక్క. కొన్ని రకాల్లో కాగితానికి బదులు పొడి ఉంటుంది. ఆ మందులో బ్యాక్టీరియాకు ఆహారంగా పెప్టోన్, గంధకం కోసం సోడియం థయోసల్ఫేట్, ఇనుము కోసం ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ ఉంటాయి. మలంతో పాటు వచ్చే కొన్ని రకాల బ్యాక్టీరియా ఆ గంధకంతో హైడ్రోజన్ సల్ఫైడ్ తయారు చేస్తాయి, హెచ్‌టూఎస్ అంటే అదే. అది ఇనుముతో కలిస్తే నల్లటి ఐరన్ సల్ఫైడ్ అవుతుంది. నీళ్లు నల్లబడటం అంటే అదే.

ఇక్కడే గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఉంది. హైడ్రోజన్ సల్ఫైడ్ చేసేవి సాల్మొనెల్లా, సిట్రోబాక్టర్, ప్రోటియస్, క్లాస్ట్రీడియం లాంటివి. పేరు మోసిన ఇ.కోలై మామూలుగా చేయదు. విరేచనాల షిగెల్లా చేయదు. కలరా తెచ్చే విబ్రియో కూడా చేయదు. అంటే సీసా ఫలానా జబ్బు క్రిమిని పట్టుకోదు, దానితో పాటు వచ్చే మిగతా గుంపును పట్టుకుంటుంది. మురుగు కలిసిన నీళ్లలో అవన్నీ కలిసే వస్తాయి కాబట్టి పరీక్ష పనిచేస్తుంది. నల్లబడని సీసా చూపించి 'మా నీళ్లలో ఇ.కోలై లేదు' అని బోర్డు పెట్టడం మాత్రం తప్పు. సీసా ఆ మాట అనలేదు.

రెండో పరిమితి కొలత. మామూలు సీసాలో పట్టేది 20 మిల్లీలీటర్లు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్ల నీళ్లలో ఒక్క ఇ.కోలై కూడా కనబడకూడదు. 100లో రెండో మూడో బ్యాక్టీరియా ఉన్న నీళ్ల నుంచి 20 తీస్తే అందులో ఒక్కటీ పడకపోవచ్చు. కాబట్టి ఒకే చోట నుంచి మూడు సీసాలు నింపి, ఒక్కటి నల్లబడినా చెడ్డ నీళ్ల కిందే లెక్కవేయాలి. 100 మిల్లీలీటర్ల సీసాలు కూడా ఉన్నాయి. ధర కాస్త ఎక్కువైనా బండి పెట్టుకున్నవాళ్లకు అవే మేలు.

పానీపూరీ అమ్మేవాళ్లు అందరికంటే ముందు చేసే పొరపాటు, తయారైన పానీని నేరుగా సీసాలో పోయడం. ఎప్పుడూ అలా చేయకండి. పానీలో వేసే నల్ల ఉప్పుకు ఆ గుడ్డు వాసన వచ్చేదే గంధకపు పదార్థాల వల్ల. అవి మందులోని ఇనుముతో కలిసి బ్యాక్టీరియా ఒక్కటీ లేకపోయినా నలుపు చూపించవచ్చు. మరోపక్క చింతపండు, నిమ్మరసం పులుపు ఎక్కువైతే సీసాలో బ్యాక్టీరియా సరిగా పెరగదు, పుట్టిన ఐరన్ సల్ఫైడ్ కూడా పులుపులో నిలవదు. అంటే పానీ విషయంలో సీసా రెండు వైపులా తప్పు చెప్పగలదు. పరీక్ష చేయాల్సింది పానీ కలపకముందు నీళ్లను. గంధకం వాసన కొట్టే బోరునీళ్లకూ ఇదే గొడవ. పోసిన కొద్ది నిమిషాల్లోనే నల్లబడితే అది బ్యాక్టీరియా పని కాదు, నీళ్లలో ముందే ఉన్న సల్ఫైడ్. బ్యాక్టీరియా వల్ల నలుపు రావడానికి గంటలు పడుతుంది.

ఇప్పుడు సీసా అసలు ఉపయోగం. ఒక బండికి నీళ్లు వచ్చే దారి మొత్తం మూడు నాలుగు మజిలీలుంటుంది: నల్లా లేదా ట్యాంకర్, ఇంట్లో డ్రమ్ము, బండి మీది స్టీలు గిన్నె, మధ్యలో నీళ్లు ముంచే మగ్గు. ఒక్కచోట నుంచి తీసిన నమూనా చెప్పేది తక్కువ. ఒకే ఉదయం మూడు చోట్ల తీసి, ప్రతి సీసా మీద మార్కరుతో చోటు, టైము రాస్తే దారిలో ఎక్కడ కలుస్తోందో బయటపడుతుంది. నల్లా నమూనా కోసం కుళాయి మూతిని శుభ్రమైన గుడ్డతో తుడిచి, రెండు నిమిషాలు నీళ్లు వదిలేసి పట్టాలి. డ్రమ్ము నమూనా మాత్రం రోజూ వాడే మగ్గుతోనే, రోజూ ముంచే చేత్తోనే తీయాలి. దాన్ని పరీక్ష కోసం ప్రత్యేకంగా కడిగితే తెలుసుకోవాల్సిన సంగతే కడుక్కుపోతుంది. మూడోది బండి మీది గిన్నె, అందులో ఉత్త నీళ్లు పోసి అరగంట ఉంచాక.

మూడూ నల్లబడితే తప్పు నీళ్లు వచ్చే చోటే ఉంది. హైదరాబాద్‌లో అయితే జలమండలికి 155313కి ఫోన్ చేసి చెప్పాల్సిన విషయం అది. మురుగు పైపు, మంచినీటి పైపు పక్కపక్కనే పాతిన బస్తీల్లో ఇది ఊహ కాదు. 2009 మేలో భోలక్‌పూర్‌లో, 2018 మార్చిలో గుంటూరులో తాగే నీళ్లు కలుషితమై మనుషులు చచ్చిపోయారు. నల్లా సీసా బాగుండి డ్రమ్ము సీసా నల్లబడితే డ్రమ్ము గోడల జిగురో మగ్గో కారణం. డ్రమ్ము లోపలి గోడకు వేలు ఆనిస్తే జారుతుంటే, కంటికి శుభ్రంగా కనబడ్డా బ్యాక్టీరియా పొర కట్టినట్టే. ఊరికే తొలిపితే పోదు, బ్రష్షుతో రుద్ది, బ్లీచింగ్ నీళ్లు అరగంట నిలవబెట్టి పారబోయాలి. డ్రమ్ము కూడా బాగుండి గిన్నె ఒక్కటే నల్లబడితే చేతులు, గంటె, తుడిచే గుడ్డ. పెద్ద ఖర్చు లేకుండా సరిదిద్దుకోగలిగేది కూడా అదే.

సీసాలో గీత వరకు నీళ్లు పోసి, మూత లోపలివైపు వేలు తగలకుండా బిగించాలి. కాసేపాగి మెల్లగా తిప్పితే మందు కరిగి నీళ్లు లేత పసుపు, గోధుమ రంగుకు వస్తాయి. వెలుతురు తగలని చోట 30 నుంచి 37 డిగ్రీల వేడిలో ఉంచాలి. మన ఎండాకాలంలో వంటింటి అలమర చాలు. డిసెంబరు, జనవరి రాత్రుళ్లు చలి ఎక్కువ ఉండే ఆదిలాబాద్, అరకు వైపు 24 గంటలకే తీర్పు చెప్పకండి. చలికి బ్యాక్టీరియా నెమ్మదిస్తుంది, ఫలితం ఆలస్యమవుతుంది. 48 గంటలు ఆగండి. 12, 18, 24 గంటలకు ఒకసారి చూస్తే మరీ మంచిది. ఎంత త్వరగా నల్లబడితే అంత ఎక్కువ మురుగు అని స్థూలంగా అనుకోవచ్చు.

కొత్త ప్యాకెట్టు తెరిచినప్పుడు రెండు సీసాలు పక్కన పెట్టి సరుకునే పరీక్షించడం తప్పనిసరి అంటాను. ఒకదాంట్లో పది నిమిషాలు మరిగించి మూతపెట్టి చల్లార్చిన నీళ్లు. ఇంకోదాంట్లో అవే నీళ్లు, ఒక చుక్క మురుగు కాలవ నీళ్లు కలిపి. మొదటిది నల్లబడకూడదు, రెండోది నల్లబడి తీరాలి. రెండోది నల్లబడకపోతే మందు పాడైపోయింది. గడువు దాటిన సీసాలు, ఎండలో నిలవున్న సీసాలు ఇలా 'బాగుంది' అని అబద్ధం చెప్తాయి. అన్ని తప్పుల్లోకీ ప్రమాదకరమైనది ఈ తప్పే.

ఐసు విషయం చాలామంది మర్చిపోతారు. చెరకు రసం, గోళీసోడా, ఫ్రూట్ సలాడ్ బండ్ల మీద నీళ్ల కంటే ఐసే పెద్ద ప్రశ్న. గడ్డకడితే బ్యాక్టీరియా చావదు, ఆగుతుంది అంతే. కరగ్గానే మళ్లీ లేస్తుంది. చేపల మార్కెట్టుకు వెళ్లే దిమ్మ ఐసు, రసంలో వేసే ఐసు ఒకే ఆటోలో, ఒకే గోనెపట్టా కింద వస్తుంటే కంటితో తేడా పట్టలేం. ఆ తేడా తెలియడానికే మహారాష్ట్రలో 2018లో తినకూడని ఐసుకు నీలిరంగు కలపాలని నిబంధన పెట్టారు. మరిగే నీళ్లతో కడిగిన గిన్నెలో ఐసును కరిగించి, ఆ నీళ్లు సీసాలో పోయండి. దిమ్మ పైపొర నుంచి ఒకటి, పైన కడిగేశాక లోపలి ముక్క నుంచి ఇంకొకటి. పైపొర ఒక్కటే నల్లబడితే రవాణాలో అంటిన మురికి, లోపలిదీ నల్లబడితే ఐసు ఫ్యాక్టరీ నీళ్లే బాగోలేవు.

ఇక క్లోరిన్ చుక్కలు. ఇవి రెండు రకాలు. నీళ్లలో వేస్తే పసుపు రంగు వచ్చేది ఓటీ, గులాబీ రంగు వచ్చేది డీపీడీ. ఓటీ చవక. అయితే అది పనిచేసే క్లోరిన్‌తో పాటు, ఇతర పదార్థాలతో కలిసిపోయి బలం తగ్గిన క్లోరిన్‌ని కూడా కలిపి చూపిస్తుంది. ఆలస్యంగా చూస్తే అంకె ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. పైగా ఆ మందు ఒంటికి మంచిది కాదు, చేతికి అంటించుకోకూడదు. నాలుగు డబ్బులు ఎక్కువైనా డీపీడీ తీసుకోండి. చిన్న గొట్టంలో గీత వరకు నీళ్లు పోసి, డబ్బా మీద రాసినన్ని చుక్కలో మాత్రో వేసి, తెల్ల కాగితం ముందు పగటి వెలుతురులో రంగుల పట్టీతో పోల్చాలి. ట్యూబులైటు కింద, ఎల్‌ఈడీ రంగు దీపాల కింద చూస్తే అంకె తప్పుతుంది. పరీక్ష చేసిన నీళ్లను మళ్లీ గిన్నెలో పోయకూడదు, పారబోయాల్సిందే.

అంకెల సంగతికొస్తే, ఐఎస్ 10500 ప్రకారం క్లోరిన్ కలిపిన నీళ్లలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. వైరస్‌ల భయం ఉన్నచోట 0.5. వీధి బండికి 0.5 పెట్టుకోవడమే సబబు. బజార్లో ఎక్కువగా దొరికే అర గ్రాము క్లోరిన్ మాత్ర 20 లీటర్లకు ఒకటి. అంటే సరిగ్గా ఒక వాటర్ క్యాన్‌కి ఒకటి. మాత్రల సైజులు వేరువేరుగా ఉంటాయి కాబట్టి పట్టీ వెనక చదివి వేయండి. మాత్ర వేసి, కలిపి, మూతపెట్టి అరగంట ఆగాలి. ఆ అరగంటే క్రిములను చంపే సమయం. అరగంట తర్వాత చుక్కలు వేస్తే రంగు రాకపోతే, నీళ్లలోని మురికి క్లోరిన్ మొత్తాన్నీ తినేసిందని అర్థం. ముందు గుడ్డతో వడగట్టి, ఇంకో మాత్ర వేసి, మళ్లీ అరగంట ఆగి చూడాలి. బ్లీచింగ్ పౌడర్ వాడేవాళ్లు మూత గట్టిగా పెట్టిన తాజా డబ్బానే వాడాలి. తేమ తగిలి ముద్దకట్టిన పొడిలో బలం ఉండదు.

'ఆర్వో క్యాన్ వాడుతున్నాం, మాకెందుకు ఇదంతా' అనే మాట ప్రతి బజారులోనూ వినబడుతుంది. ఆర్వో మిషను నుంచి వచ్చే నీళ్లలో క్లోరిన్ ఉండదు, అంటే ఆ తర్వాత ఏది కలిసినా అడ్డుకునేది లేదు. క్యాన్ లోపల కడిగారా, మూత ఎవరి చేతుల్లోంచి వచ్చింది, పంపు గొట్టం ఎప్పుడు మార్చారు అన్నవి మనకు తెలియవు. క్యాన్ నీళ్లకు చుక్కలు వేస్తే సున్నా వస్తుంది. సీసా పరీక్ష కూడా చేస్తే ఆ సున్నా ఎంత ముఖ్యమో అర్థమవుతుంది. క్యాన్‌కైనా మాత్ర వేయాల్సిందే.

'క్లోరిన్ వాసనకి గిరాకీ పోతుంది' అన్నది ఇంకో అభ్యంతరం. దీనికి మంచి జవాబే ఉంది. పుదీనా, కొత్తిమీర, చింతపండు పులుసు కలపగానే ఆ ఆకు పదార్థం మిగిలిన క్లోరిన్‌ని లాగేస్తుంది, వాసన ఉండదు. వరస మాత్రం తప్పకూడదు. ముందు ఉత్త నీళ్లకు మాత్ర, అరగంట, చుక్కల పరీక్ష, ఆ తర్వాతే పచ్చడి ముద్ద కలపడం. పానీ కలిపేశాక మాత్ర వేస్తే అది క్రిముల దాకా వెళ్లకముందే ఖర్చయిపోతుంది. ఇంకో సంగతి, పానీ తయారయ్యాక అందులో కాపాడే క్లోరిన్ ఉండదు కాబట్టి ఆపైన చెయ్యి తెచ్చిందల్లా అందులోనే ఉంటుంది. పులుపు బ్యాక్టీరియాని కొంత అణుస్తుంది, నిజమే. అన్నిటినీ చంపుతుందని నమ్మకూడదు. కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ వైరస్‌ని పులుపు ఏమీ చేయలేదు.

ఆకుల విషయం విడిగా చెప్పాలి. పుదీనా, కొత్తిమీర కట్టలు మడిలోని నీళ్లు, మట్టి, మార్కెట్లో చల్లే నీళ్లు అన్నీ మోసుకొస్తాయి. పచ్చిగానే రుబ్బుతారు, ఎక్కడా పొయ్యి ఎక్కవు. వేర్లు, పండుటాకులు తీసేసి, మట్టి పోయేదాకా కడిగి, 50 పీపీఎం (అంటే లీటరుకు 50 మిల్లీగ్రాముల) క్లోరిన్ నీళ్లలో కొన్ని నిమిషాలు నానబెట్టి, మంచి నీళ్లతో మళ్లీ కడగాలి. 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం లీటరు నీళ్లకు ఒక మిల్లీలీటరు కలిపితే 50 పీపీఎం అవుతుంది. సువాసన, డిటర్జెంట్ కలిపిన బట్టల బ్లీచ్ పనికిరాదు. మిక్సీ జారు అడుగున బ్లేడు కింద రబ్బరు వాషరు ఒకటుంటుంది. దాన్ని విప్పి చూస్తే నిన్నటి పచ్చడి అక్కడే ఉంటుంది. ఎంత కడిగిన ఆకునైనా అది పాడుచేస్తుంది, కాబట్టి రోజూ విప్పి కడగాలి.

ఇక చేతులు. ఈ మూడు సామాన్లలో ఏదీ చేతుల్ని పరీక్షించదు. పూరీకి బొటనవేలితో చిల్లు పొడిచి, అదే చేత్తో బఠాణీ కూరి, మణికట్టు దాకా పానీలో ముంచి తీసి, అదే చేత్తో చిల్లర తీసుకుని, భుజం మీది తడిగుడ్డకు తుడుచుకుని మళ్లీ ముంచుతుంటే డ్రమ్ములో క్లోరిన్ 0.5 ఉన్నా ప్రయోజనం తక్కువ. కుళాయి బిగించిన స్టీలు క్యాన్‌లో పానీ పోసి, పూరీని కుళాయి కింద పట్టి నింపితే చెయ్యి పానీని తాకే పని ఉండదు. నా లెక్కలో పానీపూరీ బండికి అన్నిటికన్నా విలువైన సామాను ఈ కుళాయి క్యానే. డబ్బు తీసుకోవడానికి రెండో మనిషి, లేదా తినేవాళ్లే స్కాన్ చేసి చెల్లించే కోడు. ఒకే గ్లవుజు మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా వేసుకోవడం ఉత్త చేతికంటే మెరుగేమీ కాదు.

థర్మామీటర్ కొనేటప్పుడు సన్నని స్టీలు పుల్ల ఉన్నది, 0 నుంచి 100 దాటి చూపించేది, కడగడానికి వీలైనది చూసుకోవాలి. దూరం నుంచి ఎర్ర చుక్క వేసి చూసే రకం పైపొర వేడే చెప్తుంది, వంట లోపలి సంగతి దానికి తెలియదు. కొన్నాక రెండు చోట్ల సరిచూడండి. ఐసు ముక్కలు నిండుగా వేసి కొద్దిగా నీళ్లు పోసి కలిపిన గ్లాసులో 0 చూపించాలి. మరిగే నీళ్లలో విజయవాడ, కాకినాడల్లో 100, ఐదారు వందల మీటర్ల ఎత్తున్న హైదరాబాద్‌లో 98 దగ్గర. హైదరాబాద్‌లో 98 చూపించిందని వెనక్కి పంపేయకండి, అది సరిగ్గానే ఉంది. వాడే ముందూ తర్వాతా పుల్లను వేడినీళ్లతో కడిగి తుడవాలి, లేకపోతే పచ్చి చికెన్ క్రిములు చట్నీలోకి పోతాయి.

దీనితో చూడాల్సినవి ఎక్కువ లేవు. వేడిగా పెట్టే సాంబారు, కూర, బఠాణీ రగడ 60 డిగ్రీలకు పైన ఉండాలి. చల్లగా పెట్టేవి 5కు లోపు. చికెన్ లోపల 75 రావాలి. మధ్యలో ఉండే వేడే బ్యాక్టీరియాకు అనుకూలం. మంచి వేడిలో ఇరవై నిమిషాలకొకసారి రెట్టింపయ్యేవి ఉన్నాయి. ఒక్కటి 7 గంటల్లో 20 లక్షలు దాటుతుంది. గిన్నెలో పైన పొగలొస్తున్నా అంచుల్లో వేడి తగ్గిపోయి ఉంటుంది, కాబట్టి కలిపి, మధ్యలో ఒకసారి, అంచున ఒకసారి గుచ్చి చూడాలి.

ఫ్రైడ్ రైస్ బండ్ల మీద అసలు ప్రమాదం పెనంలో కాదు, మధ్యాహ్నం వార్చి కుప్ప పోసిన అన్నంలో ఉంటుంది. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బియ్యంతో విత్తనాల్లాంటి గట్టి రూపంలో వస్తుంది. ఉడికించినా చావదు. లోతైన గిన్నెలో అన్నం మెల్లగా చల్లారుతుంటే గంటల తరబడి గోరువెచ్చగా ఉండే నడిమి భాగంలో మొలకెత్తి, వాంతులు తెప్పించే విషం తయారు చేస్తుంది. ఆ విషం రాత్రి పెద్దమంట మీద వేయించినా పోదు. అందుకే 'మళ్లీ వేడి చేశాం కదా' అన్న వాదన ఇక్కడ చెల్లదు. అన్నాన్ని వెడల్పు ట్రేలో రెండంగుళాల మందం మించకుండా పరిచి ఫ్యాను కింద పెట్టాలి, రెండు గంటల్లో 21 డిగ్రీలకు దించి ఫ్రిజ్‌లోకి తోయాలి. ఎండాకాలంలో గాలే 40 ఉన్నప్పుడు ఫ్యానుతో 21 రాదు, ట్రే కింద ఐసు పెట్టాలి. ఫ్రిజ్ లేని బండి అయితే ఒకేసారి పది కిలోలు వండటం మానేసి గిరాకీని బట్టి రెండు మూడు విడతలుగా వండుకోవడమే దారి. చేతి మీద పుండు ఉన్న మనిషి అన్నం, ఉడికించిన గుడ్లు ముట్టుకుంటే వచ్చే స్టెఫిలోకాకస్ విషం కూడా ఇంతే, మరిగించినా విరగదు.

కొబ్బరి చట్నీ ఎక్కడా పొయ్యి ఎక్కదు. తాలింపు వేసినంత మాత్రాన గిన్నెడు చట్నీ వేడెక్కదు. దానికి థర్మామీటర్ కంటే చుక్కల పరీక్ష చేసిన నీళ్లే ముఖ్యం. సగం సగం రుబ్బి, గిన్నెను ఐసు మీద పెట్టి, ఎండాకాలంలో రెండు గంటలు దాటిన చట్నీలో కొత్తది కలపకుండా పారేయాలి. పాతదానిలో కొత్తది కలపడం ఏ టిఫిన్ బండి మీద చూసినా అక్కడ చట్నీ లేకుండా ఇడ్లీ తినడం మంచిది. పచ్చిగుడ్డు మయోనైజ్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం దాన్ని ఏడాదిపాటు నిషేధించింది. అంతకు ముందే 2023లో కేరళ ఆపింది. వేడి చేయని పచ్చిగుడ్డుకు ఏ థర్మామీటరూ సాయం చేయదు, మయోనైజ్ గుడ్డు లేనిదో, పాశ్చరైజ్ చేసిన గుడ్డుదో అయి ఉండాలి.

తినేవాళ్లు ఫిర్యాదు చేసే ముందు టైము లెక్క చూసుకోవాలి. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లో వాంతులైతే అన్నంలోనో, చేతి పుండు తాలూకు విషంలోనో తప్పుంటుంది. సాల్మొనెల్లా విరేచనాలు సాధారణంగా ఆరు గంటల నుంచి మూడు రోజుల మధ్య మొదలవుతాయి. టైఫాయిడ్ బయటపడటానికి వారం నుంచి మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. కాబట్టి నిన్నటి బండిని ఈరోజు టైఫాయిడ్‌కి నిందించడం అన్యాయం. 2022 జులైలో తెలంగాణ ప్రజారోగ్య శాఖ సంచాలకులు టైఫాయిడ్‌ని పానీపూరీ జబ్బు అన్నారు. అదే ఏడాది జూన్‌లో నేపాల్‌లోని లలిత్‌పూర్‌లో కలరా కేసులు రాగానే నగరపాలక సంస్థ పానీపూరీ అమ్మకాలే ఆపేసింది. ఇలాంటి నిషేధం పడితే నీళ్లు శుభ్రంగా పెట్టుకున్న బండివాళ్లూ రోడ్డున పడతారు. రోజూ టైము, క్లోరిన్ అంకె రాసిన పుస్తకం బండి మీద ఉంటే, తనిఖీకి వచ్చిన అధికారికి చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది.

ఇంట్లో చేసిన సీసా పరీక్ష చట్టం ముందు సాక్ష్యం కాదు. 2006 ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ ప్రకారం కొన్నవాళ్లు ఎవరైనా ఫుడ్ అనలిస్టు దగ్గర పరీక్ష చేయించుకోవచ్చు. ఆ ఉద్దేశం మాత్రం కొనేటప్పుడే అమ్మేవాళ్లకు చెప్పాలి. తప్పు తేలితే కట్టిన రుసుము వెనక్కి వస్తుంది. తెలంగాణలో రాష్ట్ర ఆహార ప్రయోగశాల నాచారంలో ఉంది. నీళ్ల పరీక్షకు నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఉంది. చిన్న బండివాళ్లకు లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చాలు. ఆ కాగితం గోడకు ఉన్నంత మాత్రాన నీళ్లు ఎవరో పరీక్షించారని కాదు.

నల్లబడిన సీసాను చెత్తబుట్టలో పడేయకండి. అందులో ఇప్పుడు కోట్లకొద్దీ బ్యాక్టీరియా పెరిగి ఉంది. వంటింటి సింకులో మూత తీయడం అసలే కూడదు. మరుగుదొడ్డి దగ్గర మూత తీసి, ఒక చెంచా బ్లీచింగ్ పౌడరు వేసి, మూత వదులుగా పెట్టి అరగంట ఉంచాలి. నలుపు విరిగిపోయాక మరుగుదొడ్లో పోసి, సీసాను మళ్లీ వాడకుండా పారేసి, సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పిల్లలున్న ఇంట్లో నమూనా సీసాలు పెట్టిన అలమరకు తాళం వేయండి. లేత పసుపు నీళ్లున్న చిన్న సీసా వాళ్లకు మందు సీసాలాగే కనబడుతుంది.